ఎల్లలు దాటిన తెలుగు పుస్తకము

మా తుళ్లూరు ప్రాంతమున మిరపకోతలు ముగిసి, కాయ కళ్లములపై ఎండి, టిక్కీలకెక్కి గుంటూరు యార్డునకు చేరును. అచ్చటినుండి అది ఏయే రాష్ట్రములకు పోవునో, ఏ సముద్రము దాటి ఎవరి వంటింట పడునో పండించిన రైతునకు తెలియదు. తెలియకున్నను పని ఆగదు. నడుమ కమీషను వ్యాపారి యున్నాడు, శీతల గిడ్డంగి యున్నది, ఎగుమతి చేయువాడున్నాడు. వారి లాభములను గూర్చి రైతు గొణుగుకొనవచ్చును గాని, వారు లేనినాడు కాయ కళ్లమునందే ఉండిపోవునని అతనికి బాగుగా తెలియును.

పుస్తకము గూడ ఒక పంటయే. వ్రాసినవాడొక ఊర నుండును. చదువవలసినవాడు వేరొక రాజ్యమున నుండవచ్చును. ఈ యిరువురి నడుమ నిలిచి, ముందుగా సొమ్ము పెట్టి, కాగితము కొని, అచ్చు వేయించి, అమ్ముడుపోవువరకు ఓపిక పట్టువాడు ప్రచురణకర్త. కవుల చరిత్రలు మనకు పెక్కు కలవు. వారి గ్రంథములను మోసినవారి చరిత్ర మాత్రము పీఠికలలో రెండు కృతజ్ఞతావాక్యములతో ముగిసిపోవును. నేటి ప్రసంగమున ఆ మోతగాండ్రను గూర్చి కొంత ముచ్చటించుకొందము.

తెలుగువారందరు ఒకే పాలన క్రింద నుండిన కాలము చరిత్రలో మిక్కిలి తక్కువ. పందొమ్మిదవ శతాబ్దమునాటికి ఒక భాగము చెన్నపురి రాజధానిలోను, ఒక భాగము నిజాము రాజ్యములోను, కొంత మైసూరు సంస్థానములోను ఉండెను. కూలికై బయలుదేరినవారు రంగూనునకు, మారిషసునకు, నేటాలునకు, మలయాకు చేరిరి. కాబట్టి తెలుగు పుస్తకమునకు ఎల్ల దాటుట పుట్టుకతోనే వచ్చిన పని. మొదట తెలుగు అక్షరము అచ్చుపడినదే పరదేశమున. బెంజమిన్ షుల్జ్ అను జర్మను క్రైస్తవ బోధకుడు 1746, 1747 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున చిన్న తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. తెలుగుదేశమున వాటిని చదివినవారు ఎందరో మనకు లెక్క లేదు గాని, మన పుస్తకము తొలి ప్రయాణము ఓడపైననే సాగెనని మాత్రము చెప్పవచ్చును.

ఒకే భాష పలు రాజ్యములలో మాట్లాడుట మనకు మాత్రమే కలిగిన స్థితి గాదు. స్పానిషు భాష నేడు ఇరువది దేశములకు అధికారభాష. స్పెయిను దేశమున 1936లో అంతర్యుద్ధము ప్రారంభమై, 1939లో ఫ్రాంకో సేనాని గెలువగా, అచ్చట స్వేచ్ఛగా అచ్చు వేయుటకు వీలులేకపోయెను. అప్పుడు పుస్తకపు పని అట్లాంటిక్కు సముద్రము దాటినది. బ్యూనస్ ఐరిస్ నగరమున 1938లో లొసాడా సంస్థయు, 1939లో సుదమెరికానా సంస్థయు వెలసెను. మెక్సికోలో 1934లోనే ఫోండో దె కుల్తూరా ఎకనామికా అను సంస్థ ఏర్పడియుండెను. స్వదేశమున నిలువలేకపోయిన రచయితలకు, అనువాదకులకు ఈ సంస్థలు నీడయైనవి. తరువాత 1967లో కొలంబియా దేశీయుడైన గార్సియా మార్క్వెజ్ మెక్సికోలో నుండి వ్రాసిన ‘నూరేండ్ల ఏకాంతము’ అను నవలను సుదమెరికానావారు అర్జెంటీనాలో తొలుత 8,000 ప్రతులు అచ్చువేసిరి. రచయిత ఒక దేశమువాడు, వ్రాసినది రెండవ దేశమున, అచ్చుపడినది మూడవ దేశమున. ఆ మూడింటిని ఒక్కటి చేసినవి భాషయు, ప్రచురణకర్తయు. ఈ దృష్టాంతమును మనసున నుంచుకొని మన యింటికి వత్తము.

మనకు బ్యూనస్ ఐరిస్ వంటి నగరము చెన్నపురి. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు అచ్చట ముద్రణాలయమును స్థాపించిరి. అంతకుముందు తాటాకులపై నుండి, ఒక్కొక్క పండితుని యింట కట్టలు కట్టలుగా దాగియుండిన పురాణములు, కావ్యములు, శాస్త్రములు అచ్చులోనికి వచ్చెను. వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులవారి చేతులలో ఆ సంస్థ మరింత పెరిగెను. వావిళ్లవారి ప్రతి యనగా పరిష్కృతమైన ప్రతి యని పండితులు నమ్మిరి. తాటాకు పుస్తకము ఎల్ల దాటవలెనన్న ఒక మనిషి కూర్చుండి మొత్తము వ్రాసికొని పోవలెను. అచ్చు పుస్తకము తపాలాలో పోవును. ఈ చిన్న భేదమువలన తంజావూరి ఆస్థానమున పుట్టిన కావ్యము కృష్ణాతీరపు పల్లెలో చదువబడెను.

తంజావూరి మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. ఆ యాస్థానకవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు ప్రకటించిరి. అది అశ్లీలమని ప్రభుత్వము నిషేధించెను. ప్రచురణకర్తలు ఊరకుండక చాలకాలము పోరాడిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వ కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. పుస్తకమును అచ్చువేయుట ఒక ధైర్యము. వేసినదానికి కడవరకు నిలుచుట మరియొక ధైర్యము. ఆ రెండవది లేనివాడు ముద్రాపకుడగును గాని ప్రచురణకర్త కాజాలడు.

ఇక నిజాము రాజ్యపు సరిహద్దు. నేడు హైదరాబాదునకు పోవు దారిలో నందిగామ, జగ్గయ్యపేట దాటునప్పుడు మన తాతలకాలపు ఎల్ల గుర్తునకు రాదు. ఆనాడు అది నిజమైన ఎల్ల. ఇవతల కల్దారు రూపాయి, అవతల హాలీ సిక్కా. ఇవతల ఇంగ్లీషువారి తపాలా, అవతల నిజాముగారి తపాలా. నడుమ కరోడ్‌గిరి యను సుంకపు శాఖ. అవతల రాజభాష ఉర్దూ. తెలుగు పాఠశాలకు, గ్రంథాలయమునకు, సభకు ఏలినవారి అనుమతి కావలెను. చదువనేర్చినవారు కొద్దిమంది, వారిలో తెలుగు చదువనేర్చినవారు మరింత కొద్దిమంది. అట్టి దేశమునకు పుస్తకము పంపవలెనన్న అంగడి తెరచి కూర్చుండిన చాలదు, ముందు పాఠకుని పుట్టింపవలెను.

ఈ పని మునగాలనుండి మొదలైనదనుట విచిత్రమైనను నిజము. మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యము. తాను మాత్రము కృష్ణా మండలమునకు చెందిన ఇంగ్లీషువారి భూమి. ఎల్లకు అవతల నిలిచిన ఇవతలి ముక్క. ఆ సంస్థానమునకు రాజా నాయని వేంకటరంగారావుగారు; వారి దివాను కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు. లక్ష్మణరావుగారు కృష్ణా మండలమున పెనుగంచిప్రోలున పుట్టి, నాగపూరున చదివి, మరాఠీ విద్వాంసులలో మెలగినవారు. ఇతర భాషలలో చరిత్ర, శాస్త్ర గ్రంథములు ఎట్లు వెలువడుచున్నవో కన్నులార చూచినవారు. రావిచెట్టు రంగారావుగారి వంటి మిత్రులతో కలసి వీరు 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. మొదట చదువుటకు చోటు. పిమ్మట చదువుటకు పుస్తకము. 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి పుట్టెను.

మండలివారి తొలి గ్రంథము ఏదో గమనింపుడు. పురాణము గాదు, ప్రబంధము గాదు. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకను చరిత్ర. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిరి, 1907లో వెలువడెను. నిజాము రాజధానిలో పుట్టిన సంస్థ, కర్నూలు మండలపు రచయిత, అమెరికా కథానాయకుడు! బానిసత్వమును తొలగించిన వాని కథను ఆనాటి తెలుగువాడు ఏ భావముతో చదివియుండునో వేరుగా చెప్పనక్కరలేదు. 1908లో మండలి చెన్నపురికి మారెను. అచ్చు వసతులు, తపాలా సౌకర్యము అచ్చటనే యుండెను గదా. అచ్చటినుండి చరిత్రలు, ప్రకృతిశాస్త్రములు, జీవశాస్త్రములు, నవలలు వరుసగా వెలువడెను. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగము 1910లో మండలి ద్వారమున వచ్చెను. మూడు ఏలుబడులలో చీలియున్న జనము ‘మనమొక జాతి’ యని ఆ పుస్తకమున చదువుకొనిరి.

ఇచ్చట ‘గ్రంథమాల’ యను పద్ధతిని గూర్చి ఒక మాట. ఒక్క పుస్తకము అచ్చువేసి అమ్ముకొనుట జూదము వంటిది. పుస్తకములను మాలగా గ్రుచ్చి, ముందుగా చందాదారులను చేర్చుకొని, వారికి కొంత తక్కువ వెలకు ఇచ్చినచో కాగితపు ఖర్చైనను మొదట చేతికి వచ్చును. చందాదారుడు దూరపు పల్లెలో నున్నను వి.పి. తపాలాలో పుస్తకము ఇల్లు చేరును. అంగడి లేని ఊరికి గూడ పుస్తకము చేరుటకు ఇదియే దారి. మా యూరి వంటి పల్లెలకు పట్టణపు పుస్తకాల అంగడికంటె తపాలా బంట్రోతే ముందు వచ్చినాడు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి త్రోవ వేరు. వారు బొంబాయిలో 1893లో అమృతాంజనము అమ్మకము మొదలిడిరి. 1908లో ఆ బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా నెలకొల్పిరి. తెలుగుదేశమునకు అంత దూరమున తెలుగు పత్రిక! 1914లో దానిని చెన్నపురిలో దినపత్రికగా మార్చిరి. 1924లో ‘భారతి’ని, 1926లో ఆంధ్రగ్రంథమాలను ప్రారంభించిరి. తలనొప్పి మందు తెచ్చిన లాభము సాహిత్యమునకు ఎరువైనది. పంటకు నీరెంతయో పుస్తకమునకు పెట్టుబడి అంత; దాని నెచ్చటినుండియైనను పారింపవలెను గదా. ఆ గ్రంథమాలలో వారు ప్రకటించిన తొలి గ్రంథములలో పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణము’ ఒకటి. ఓరుగల్లు ప్రాంతపు కవి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠిక, చెన్నపురి అచ్చు. ఎల్ల కవతలి కవి ఇవతలి పాఠకుని చేతికి వచ్చెను. ఇది మిక్కిలి ముఖ్యమైన విషయము. మంచి ప్రచురణకర్త సరకును ఒకవైపునకే పంపడు. అవతలిదానిని ఇవతలికి గూడ తెచ్చును.

ప్రచురణకర్తకు నమ్మకమైన కొనుగోలుదారు గ్రంథాలయము. ఈ విషయమున మన మైదానములకు కొంత గర్వపడు హక్కు కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపించిరి. పడవ వచ్చి రేవున నిలుచును. ఊరివారు పాత పుస్తకమిచ్చి క్రొత్తది తీసికొందురు. చెన్నపురిలో అచ్చుపడిన పుస్తకము గుంటూరు మండలపు కాలువ గట్టున పాఠకుని చేరుటకు ఇన్ని చేతులు కావలసివచ్చెను.

ఇంతవరకు చెప్పినది ఒక ముఖము. రెండవ ముఖమును దాచుట చరిత్ర చెప్పువారికి తగదు. చెన్నపురినుండి, బెజవాడనుండి పుస్తకములు తెలంగాణమునకు పోయినంతగా తెలంగాణపు పుస్తకములు ఇటు రాలేదు. రాకపోగా, అచ్చట కవులే లేరన్న మాట గూడ పుట్టెను. దానికి సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో గాక పనితో బదులు చెప్పిరి. 1926లో తాము స్థాపించిన ‘గోలకొండ పత్రిక’ పక్షమున 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. అందు 354 మంది కవులు! లేరన్నవారి యెదుట పేర్లతో, పద్యములతో నిలువబెట్టిరి. కవులు అంతకుముందును ఉండిరి. వారిని అచ్చువేసి చూపువాడు లేడు, అంతియే.

1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ‘దేశోద్ధారక’ యనునది నాగేశ్వరరావు పంతులుగారికి జనులిచ్చిన బిరుదు. పంతులుగారు ఆ సంవత్సరముననే కీర్తిశేషులైరి. చెన్నపురి ప్రచురణకర్త బిరుదు నిజాము రాజ్యపు గ్రంథమాలకు పేరైనది. ఎల్ల దాటినది పుస్తకము మాత్రమే కాదు, పుస్తకమును మోయవలెనన్న పట్టుదల గూడ దాటినది. ఆళ్వారుస్వామిగారు ధనికులు గారు. పుస్తకములను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. కె.సి. గుప్తగారి అణా గ్రంథమాల పేరే దాని ఉద్దేశమును చెప్పును. అణా గలవాడెల్ల పాఠకుడే. వెల తగ్గించుట గూడ ఒక ఎల్లను చెరిపివేయుటయే.

స్పానిషు దేశములలోను ఈ వ్యథ యున్నది. బార్సిలోనా అచ్చువేసిన పుస్తకము అమెరికా ఖండమంతట పోవును. చిన్న దేశమున అచ్చుపడినది పొరుగు దేశమునకే చేరుట కష్టము. పెద్ద నగరపు ప్రచురణకర్త మెచ్చినవాడే భాషకంతటికి రచయిత యగును. మెచ్చబడనివాడు తన యూరికే రచయిత. భాష యొకటే యైనను అంగడి యొకటి గాకున్నచో ఇట్లే జరుగును.

సముద్రములు దాటినవారి సంగతి మరింత కఠినము. కోరంగి రేవునుండి ఓడలెక్కినందున మారిషసులో తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. రామభజనము వారు తరతరములు నిలుపుకొనిరి. పాట నోటినుండి నోటికి పోవును, దానికి ప్రచురణకర్త అక్కరలేదు. లిపికి అట్లు కాదు. పుస్తకము రానిచోట అక్షరము మరపునకు వచ్చును. బర్మా 1937లో ఇండియానుండి వేరుచేయబడెను; 1942లో యుద్ధము వచ్చి రంగూను తెలుగువారు వేలకొలది కాలినడకను తిరిగివచ్చిరి. పాఠకులు చెదరినచో పుస్తకము ఎవరికి పంపుదుము? హైదరాబాదులో 1975లోను, కౌలాలంపూరులో 1981లోను, మారిషసులో 1990లోను ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. సభ ముగిసినపిమ్మట పందిరి విప్పుదురు. మిగులవలసినది పుస్తకపు రాకపోకలే.

ఇతర భాషలనుండి మనకు వచ్చిన పుస్తకముల కథ వేరొక ప్రసంగమునకు తగినంత కలదు. రెండు మాటలు మాత్రము. తెనాలివారైన చక్రపాణిగారు బెంగాలీ నేర్చి శరత్‌బాబు నవలలను తెలుగు చేసిరి. నాగిరెడ్డిగారితో కలసి 1947 జూలైలో ‘చందమామ’ను తెలుగు, తమిళములలో ఒక్కమారుగా వెలువరించిరి. పిమ్మట అది పెక్కు భాషలలో వచ్చెను. ఒకే కథను, ఒకే బొమ్మను పలుభాషల పిల్లలకు చూపిన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. 1955లో చెన్నపురిలో ఏర్పడిన దక్షిణ భాషా పుస్తక సంస్థ నాలుగు దక్షిణభాషల పుస్తకములకు తోడ్పడెను. ఇక మాస్కోలోని విదేశీభాషా ప్రచురణాలయము 1963లో ప్రగతి ప్రచురణాలయమైనది. ఉప్పల లక్ష్మణరావుగారి వంటి తెలుగువారు మాస్కోలో నివసించి రష్యను గ్రంథములను తెలుగు చేసిరి. గట్టి అట్ట, మంచి కాగితము, స్వల్పమైన వెల. విజయవాడ విశాలాంధ్రవారి అంగళ్లనుండి అవి పల్లెలకు చేరెను. వాటి వెనుక ఒక రాజ్యపు ఆశయముండెనని అందరును ఎరుగుదురు. 1991లో ఆ రాజ్యము పోయెను, పుస్తకముల రాకయు ఆగెను. ఏలినవారి సొమ్ముపై నడచు పుస్తకపు బండి ఏలినవారితోనే నిలిచిపోవునని దానివలన మనము నేర్వవచ్చును.

1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు చెన్నపురి మనకు పరాయిదయ్యెను. ప్రచురణ క్రమముగా విజయవాడకు తరలెను. 1956లో తెలుగునేలలు కలసెను. 2014 జూన్ 2వ తేదీన మరల రెండు రాష్ట్రములైనవి. 2015లో మా తుళ్లూరు మండలపు ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగెను. పత్తి, మిరప పండిన నేల పెక్కు రైతుల చేతినుండి రాజధానికై సమీకరింపబడెను. ఇండ్లలోని పిల్లలు హైదరాబాదున, బెంగుళూరున, అమెరికాలో ఉన్నారు. ఇక మా యూరి కథ వ్రాయువాడు ఇచ్చట నుండును. చదువవలసినవాడు ఎచ్చటనో యుండును. ఎల్లలు పెరిగినవి గాని తగ్గలేదు.

అయితే నేటి ఎల్ల నాటి ఎల్ల వంటిది గాదు. హాలీ సిక్కా లేదు, కరోడ్‌గిరి లేదు, అనుమతి కోరవలసిన తాలూకాదారు లేడు. ఉన్నది ఉదాసీనత యొక్కటే. విజయవాడ కృష్ణకు అవతలి గట్టుననే యున్నది. 1989 నుండి అచ్చట పుస్తక మహోత్సవము జరుగుచున్నది. జనవరిలో మా వైపువారు గూడ పోయి సంచులతో తిరిగివత్తురు. ఆ సంచులలో పాలమూరు రచయిత ఒకడున్నాడా, ఉత్తరాంధ్ర రచయిత్రి ఒకతె యున్నదా, అమెరికానుండి వ్రాసినవాడున్నాడా యని చూచుకొనిన చాలును. భాష యింకను ఒకటియో కాదో తెలిసిపోవును.

ఒక భాషను మాట్లాడువారందరు ఒక జాతియని మనము తేలికగా చెప్పుదుము. మాట యాసయాసకు మారును, కొంత దూరము పోయిన వింతగా వినబడును. ఒకే పుస్తకమును ఇవతలివాడును అవతలివాడును చదివినప్పుడే వారి నడుమ ఒక ఉమ్మడి గది తెరచుకొనును. ఆ గదికి తలుపు పెట్టినవారు లక్ష్మణరావుగారు, నాగేశ్వరరావు పంతులుగారు, ప్రతాపరెడ్డిగారు, ఆళ్వారుస్వామిగారు. వారిలో కొందరు తమ ధనమును, కొందరు తమ భుజమును ఇచ్చిరి. మిరపకాయను ఎల్ల దాటించువానికి ఆ యేడే రొక్కము ముట్టును. పుస్తకమును ఎల్ల దాటించువానికి ముట్టునది ఒక తరము గడచినపిమ్మట. అదియు చాలమారు అతని చేతికి గాక మన చేతికి వచ్చును. అది మన చేతికి వచ్చినదని గుర్తించి, తరువాతివారికి అందించుట మన వంతు.